విమాన నమూనాలపై డెకాల్స్

ప్రత్యేకమైన కాగితం మీద అచ్చువేసి, నీళ్లలో నానబెట్టి, జార్చి మరో వస్తువు మీదికి మార్చే పలుచని బొమ్మను డెకాల్ అంటారు. స్కేల్ మోడల్ విమానాల మీద కనిపించే జాతీయ చిహ్నాలు, స్క్వాడ్రన్ అక్షరాలు, సీరియల్ నంబర్లు, హెచ్చరిక రాతలు చాలావరకు ఇలా వచ్చి చేరినవే. భాగాలు అతికించి, సందులు పూడ్చి, రంగు వేసిన తర్వాత ఈ పని మొదలవుతుంది. నమూనా తయారీలో ఇది దాదాపు ఆఖరి ఘట్టం. ఒకే అచ్చులో పోసిన స్పిట్‌ఫైర్ కిట్లలో ఏది ఇంగ్లండ్ తీరాన్ని కాచిన విమానమో, ఏది బర్మా అడవుల మీద ఎగిరిన విమానమో చెప్పేది డెకాలే. అందుకే ఈ పనికి రెండు రకాల తెలివిడి కావాలి. చినగకుండా, ముడత పడకుండా అంటించే చేతి నేర్పు ఒకటి. ఏ గుర్తు, ఏ ఏడాదిలో, విమానం మీద ఎక్కడ ఉండేదో తెలిసిన చరిత్ర జ్ఞానం రెండోది.

ఈ వ్యాసం పాత హైదరాబాద్ సంస్థానంతో ముడిపడిన విమానాలను ఉదాహరణలుగా తీసుకుంటుంది. రాయచూరు, బీదర్, గుల్బర్గా జిల్లాలు 1956 నవంబరు 1న మైసూరు రాష్ట్రంలో కలిసేదాకా హైదరాబాద్‌లో భాగం. ఆ హైదరాబాద్ పేరు రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ బ్రిటిష్ వాయుసేన స్క్వాడ్రన్లకు ఉండేది. తెలుగు, కన్నడ, ఉర్దూ కలిసి వినిపించే ఈ నేలకు చెందిన మోడలర్లకు ఆ విమానాలు సొంత చరిత్రలోని భాగం.

డెకాల్ నిర్మాణం

డెకాల్ షీటులో పొరలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. అడుగున నీటిని పీల్చే కాగితం, దాని మీద నీళ్లలో కరిగే జిగురు పూత. ఈ జిగురు సాధారణంగా పిండిపదార్థం నుంచి తీసిన డెక్స్‌ట్రిన్. ఆ పైన పారదర్శకమైన లాకర్ పొర, దాని మీద రంగుల ముద్ర. షీటును నీళ్లలో వేసినప్పుడు కాగితం తడిసి జిగురు కరుగుతుంది, లాకర్, సిరా మాత్రం కరగవు. దాంతో బొమ్మ కాగితం నుంచి విడిపోయి జారడానికి సిద్ధమవుతుంది. మిగిలిన జిగురు బొమ్మ వెనక్కి అంటుకునే వచ్చి నమూనాకు పట్టు ఇస్తుంది.

కిట్లలో వచ్చే డెకాల్స్ ఎక్కువగా స్క్రీన్ ప్రింటింగ్ పద్ధతిలో తయారవుతాయి. ఒక్కో రంగుకు ఒక్కో ముద్ర పడుతుంది. లేత రంగుల కింద ముందుగా తెల్ల సిరా పరుస్తారు. అది లేకపోతే ముదురు రంగు రెక్క మీద కాషాయం, పసుపు మసకబారి కనిపిస్తాయి. రంగులు ఒకదానితో ఒకటి సరిగా కూర్చోకపోతే గుండ్రటి చిహ్నంలో ఒక వలయం పక్కకు జరిగి, అంచున తెల్ల గీత బయటపడుతుంది. షీటు నాణ్యతను తేల్చే మొదటి పరీక్ష ఇదే. వలయాలన్నింటికీ కేంద్రం ఒకటేనా, అక్షరాల అంచులు పదునుగా ఉన్నాయా, లాకర్ పొర ముద్ర చుట్టూ ఎంత మేర బయటికి వచ్చింది అనేవి చూడాలి. ముద్రణలో ఇటలీకి చెందిన కార్టోగ్రాఫ్ సంస్థకు మోడలర్లలో మంచి పేరుంది. చాలా కిట్ కంపెనీలు తమ షీట్లను అక్కడే అచ్చు వేయిస్తాయి.

చరిత్ర

ముద్రను కాగితం నుంచి వేరే వస్తువు మీదికి మార్చే పద్ధతి 18వ శతాబ్దం మధ్యలో ఇంగ్లండ్ పింగాణీ పరిశ్రమలో ఊపందుకుంది. లివర్‌పూల్‌కు చెందిన జాన్ శాడ్లర్, గై గ్రీన్ ఆరు గంటల్లో 1,200కు పైగా టైల్స్ మీద బొమ్మలు అచ్చు వేశామని 1756లో ప్రమాణపత్రం ఇచ్చారు. తర్వాతి కాలంలో ఈ విద్య కుట్టు మిషన్లకు, సైకిళ్లకు పాకింది. పాత కుట్టు మిషన్ల మీద బంగారు రంగులో మెరిసే పేర్లు, పూల తీగలు ఈ కుటుంబానివే.

ప్లాస్టిక్ విమాన కిట్లు 1936లో బ్రిటన్‌లో ఫ్రాగ్ పెంగ్విన్ పేరుతో వచ్చాయి. అవి 1/72 స్కేలువి, అంటే అసలు విమానంలో 72వ వంతు. ఎయిర్‌ఫిక్స్ 1950లలో తన మొదటి విమాన కిట్‌గా స్పిట్‌ఫైర్‌ను తెచ్చింది. తర్వాత అమెరికాలో రెవెల్, మోనోగ్రామ్, జపాన్‌లో టమియా, హసెగావా ఈ రంగాన్ని విస్తరించాయి. తొలినాటి డెకాల్స్ మందంగా, గట్టిగా ఉండేవి. రెక్క మీది గీతలను కప్పేసేవి. లాకర్‌ను మెత్తబరిచే ద్రావణాలు వచ్చాక పరిస్థితి మారింది. అమెరికాకు చెందిన మైక్రోస్కేల్ సంస్థ మైక్రో సెట్, మైక్రో సోల్ సీసాలు ప్రపంచమంతా వాడుకలోకి వచ్చాయి. ఇటీవలి కాలంలో చెక్ సంస్థ ఎడ్యువార్డ్, అంటించి ఆరిన తర్వాత పారదర్శక పొరను ఒలిచేసే వీలున్న డెకాల్స్ ఇస్తోంది. ఒలిచాక నమూనా మీద సిరా ఒక్కటే మిగులుతుంది.

రకాలు

నీళ్లలో జార్చే డెకాల్ అన్నింటికంటే ఎక్కువ వాడుకలో ఉంది. రెండోది పొడి డెకాల్. దీన్ని నమూనా మీద పెట్టి వెనక నుంచి రుద్దితే అక్షరం అంటుకుంటుంది. 1960ల నుంచి లెట్రాసెట్ అక్షరాలతో డ్రాయింగ్ ఆఫీసులకు పరిచయమైన పద్ధతి ఇది. దీనికి పారదర్శక అంచు ఉండదు కానీ ఒకసారి అంటాక జరపడం కుదరదు. మూడోది స్టిక్కర్. పిల్లల కిట్లలో వచ్చే ఈ స్టిక్కర్లు మందంగా ఉండి, వంపుల మీద కొన్నాళ్లకు లేచిపోతాయి. డెకాల్‌కు బదులు కత్తిరించిన మాస్కులు పెట్టి చిహ్నాలను రంగుతోనే వేసే పద్ధతీ ఉంది. పెద్ద చిహ్నాలకు, పెద్ద స్కేళ్లకు మాస్కులు బాగుంటాయి. మిల్లీమీటరు రాతలకు మాత్రం డెకాల్ తప్ప దారి లేదు.

కొలతలు

డెకాల్ పనిలో కంటికి, వేళ్లకు ఎంత పరీక్షో లెక్క చూస్తే తెలుస్తుంది. స్పిట్‌ఫైర్ రెక్కల వెడల్పు 11.23 మీటర్లు. 1/72లో అది 15.6 సెంటీమీటర్లు అవుతుంది. 24 అంగుళాల స్క్వాడ్రన్ అక్షరం ఆ స్కేలులో 8.5 మిల్లీమీటర్లు. 8 అంగుళాల సీరియల్ నంబరు 2.8 మిల్లీమీటర్లే. 35 అంగుళాల గుండ్రటి చిహ్నం 12.3 మిల్లీమీటర్లకు దిగుతుంది.

మందం లెక్క ఇంకా ముఖ్యం. డెకాల్ పొర 0.02 మిల్లీమీటర్లు ఉందనుకుంటే, అసలు విమానం మీద అది దాదాపు 1.4 మిల్లీమీటర్ల మందంగా పూసిన రంగుతో సమానం. అసలు విమానం మీద గుర్తులు రంగుతో వేసినవి, వాటికి అంచు కనపడదు. డెకాల్ పనిలోని మెళకువలన్నీ ఈ అంచును మాయం చేయడానికే ఉన్నాయి.

హైదరాబాద్ పేరు మోసిన విమానాలు

మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాయుసేన 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్.9ఏ బాంబర్లు హైదరాబాద్ పాలకుడైన నిజాం కానుకగా వచ్చాయి. ప్రతి విమానం మీదా ఆ సంగతి తెలిపే రాత ఉండేది. స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ స్క్వాడ్రన్ అనే పేరు స్థిరపడింది. వాటిలో ఎఫ్1010 సీరియల్ విమానం 1918 అక్టోబరులో జర్మన్ల చేతికి చిక్కింది. తర్వాత పోలండ్ చేరి, 1977లో బ్రిటన్‌కు తిరిగి వచ్చింది. ఇప్పుడు లండన్ హెండన్‌లోని ఆర్‌ఏఎఫ్ మ్యూజియంలో ఉంది. దాన్ని నమూనాగా చేసేవారికి అసలు విమానమే ఆధారంగా మిగలడం అరుదైన అదృష్టం. ఈ రకం విమానాన్ని న్యూజిలాండ్ సంస్థ వింగ్‌నట్ వింగ్స్ 1/32లో కిట్‌గా తెచ్చింది. ఆ స్కేలులో రెక్కల వెడల్పు 43 సెంటీమీటర్లు దాటుతుంది కాబట్టి కానుక రాతను స్పష్టంగా చదవవచ్చు. 1/72లో అదే రాత గీతలా మిగిలిపోతుంది.

1939లో తిరిగి ఏర్పడిన 152, 253 స్క్వాడ్రన్లకూ హైదరాబాద్ పేరు వచ్చింది. 152వ స్క్వాడ్రన్ బ్యాడ్జిలో నిజాం తలపాగా ఉంటుంది. 1940 బ్రిటన్ యుద్ధంలో ఈ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్లు యూఎం అక్షరాలతో, 253వ స్క్వాడ్రన్ హరికేన్లు ఎస్‌డబ్ల్యూ అక్షరాలతో ఎగిరాయి. పాత 110వ స్క్వాడ్రన్ బ్లెన్‌హీమ్ బాంబర్లు 1939 సెప్టెంబరు 4న, యుద్ధం ప్రకటించిన మర్నాడే, జర్మన్ నౌకల మీద జరిగిన దాడిలో పాల్గొన్నాయి.

152వ స్క్వాడ్రన్ చరిత్రలో డెకాల్ ప్రాధాన్యం బాగా అర్థమయ్యే ఘట్టం బర్మాది. 1943 చివర్లో స్క్వాడ్రన్ తూర్పు రంగానికి వచ్చి స్పిట్‌ఫైర్ మార్క్ 8 విమానాలు వాడింది. అప్పటికి ఈ ప్రాంతంలో బ్రిటిష్, భారత విమానాల చిహ్నం నుంచి ఎర్ర చుక్కను తీసేశారు. జపాన్ విమానాల మీది ఎర్ర సూర్యబింబంతో పొరపడి సొంతవాళ్లే కాల్చే ప్రమాదం ఉండడమే కారణం. ముదురు నీలం, లేత నీలం వలయాలే మిగిలాయి. 152వ స్క్వాడ్రన్ పైలట్లు తమ విమానాల మీద ఆ నీలి చిహ్నం మీదుగా దూకుతున్న నల్ల చిరుతను గీయించుకున్నారు. 1940 నాటి విమానం డెకాల్స్‌తో ఈ విమానాన్ని చేస్తే ఎర్ర చుక్క ఒక్కటి చాలు, నమూనా చెప్పే చరిత్ర తప్పు కావడానికి.

భారత వాయుసేన గుర్తులు

1932 అక్టోబరు 8న ఏర్పడిన భారత వాయుసేన మొదట బ్రిటిష్ తరహా చిహ్నాన్ని, యుద్ధకాలంలో పైన చెప్పిన నీలి చిహ్నాన్ని వాడింది. స్వాతంత్ర్యం వచ్చాక కొంతకాలం అశోక చక్రం చిహ్నంగా ఉంది. 1950లో గణతంత్రం ఏర్పడడంతో ఇప్పటి చిహ్నం వచ్చింది. వెలుపల కాషాయం, మధ్యలో తెలుపు, లోపల ఆకుపచ్చ. తోక మీద ఇవే రంగుల నిలువు పట్టీలు ఉంటాయి. కాబట్టి 1947, 1949, 1951 సంవత్సరాల నమూనాలకు ఒకే షీటు పనికిరాదు.

తోక పట్టీ విషయంలో ఒక జాగ్రత్త ఉంది. తోక ముందు అంచు వైపు ఉండే రంగు రెండు పక్కలా అదే. అందువల్ల ఎడమ పక్క డెకాల్, కుడి పక్క డెకాల్ ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాల్లా ఉంటాయి. షీటు మీద రెండూ పక్కపక్కనే ఉండి, కత్తిరించాక తారుమారు కావడం తేలిక. ఒక పక్కది పూర్తిగా అంటించాకే రెండోదాన్ని కత్తిరించాలి. రవాణా విమానాల మీద వాయుసేన పేరు ఇంగ్లీషుతో పాటు దేవనాగరిలోనూ ఉంటుంది. ఆ అక్షరాల పై గీత కొద్దిగా వంగినా కంటికి కొడుతుంది.

బీదర్ వైమానిక స్థావరం 1942 నాటిది. సూర్యకిరణ్ విన్యాస బృందం 1996లో అక్కడే పుట్టింది. హెచ్‌ఏఎల్ కిరణ్ మార్క్ 2 విమానాలతో మొదలై, 2011లో ఆగి, తర్వాత హాక్ మార్క్ 132 విమానాలతో తిరిగి నిలబడింది. ఎరుపు, తెలుపు రంగుల ఈ విమానాల నమూనా చేసేటప్పుడు రంగు ఏది, డెకాల్ ఏది అనే విభజన ముందే తేల్చుకోవాలి. పెద్ద పెద్ద రంగు భాగాలను డెకాల్‌తో కప్పాలని చూస్తే ముక్కు దగ్గరా, గాలి గొట్టాల అంచుల దగ్గరా పొర చినుగుతుంది. ముందు తెలుపు వేసి, అది బాగా ఆరాక మాస్కింగ్ టేపు కట్టి ఎరుపు చల్లడం మేలు. డెకాల్‌ను అక్షరాలకు, చిహ్నాలకు, చిన్న రాతలకు అట్టిపెట్టాలి. తెల్ల సిరా కింద నుంచి ఎరుపు కనిపించే స్వభావం ఉంది కనుక, రెండు రంగుల సరిహద్దు మీద పడే చిహ్నాన్ని ముందు తెల్లకాగితం మీద కాక, అదే ఎరుపు పూసిన పనికిరాని ప్లాస్టిక్ ముక్క మీద వేసి చూడాలి.

ఉపరితలాన్ని సిద్ధం చేయడం

డెకాల్ పని బాగా రావడం, రాకపోవడం ఎక్కువగా నీళ్ల గిన్నె ముందుకు రాకముందే తేలిపోతుంది. యుద్ధ విమానాలకు వేసే మెరుపు లేని మ్యాట్ రంగు చేతికి నునుపుగానే తగిలినా, దాని మీద కంటికి కనపడని ఎత్తుపల్లాలు ఉంటాయి. డెకాల్ ఆ ఎత్తుల మీదే ఆనుకుని, పల్లాల్లో గాలి చిక్కుకుంటుంది. ఆరాక పారదర్శక భాగం వెండి పూత పూసినట్టు తెల్లగా మెరుస్తుంది. మోడలర్లు దీన్ని సిల్వరింగ్ అంటారు. అక్షరాల మధ్య ఖాళీల్లో ఇది స్పష్టంగా బయటపడుతుంది.

దీనికి విరుగుడు మెరిసే క్లియర్ కోట్. రంగు పూర్తిగా ఆరాక టమియా ఎక్స్-22 వంటి పారదర్శక పూతను ఎయిర్‌బ్రష్‌తో రెండు మూడు పలుచని వరుసలుగా చల్లాలి. ట్యూబ్‌లైటు ప్రతిబింబం రెక్క మీద తెగిపోకుండా కనిపిస్తే పూత సరిపోయినట్టు. పూత గట్టిపడడానికి కనీసం ఒక రోజు వదలాలి. తొందరపడితే తర్వాత వాడే ద్రావణాలు పూతను, కింద ఉన్న రంగును కలిపి మెత్తబరుస్తాయి. చేతి వేళ్ల జిడ్డు కూడా డెకాల్‌ను పట్టనివ్వదు. పని మొదలుపెట్టే ముందు తడి గుడ్డతో తుడిచి, ఆపై నమూనాను అంచుల దగ్గర మాత్రమే పట్టుకోవాలి.

అంటించే విధానం

కావలసిన పనిముట్లు కొన్నే: కొత్త బ్లేడు, చదునైన మొన ఉన్న ట్వీజర్, మెత్తని కుంచెలు రెండు, ఇయర్ బడ్స్, టిష్యూ, వెడల్పాటి గిన్నెలో గోరువెచ్చని నీళ్లు.

మొదట డెకాల్‌ను షీటు నుంచి కత్తిరించాలి. ముద్ర చుట్టూ ఉన్న పారదర్శక అంచును వీలైనంత దగ్గరగా తీసేయాలి. బ్లేడు మొద్దుబారితే పొర అంచు లేచి తెల్లబారుతుంది. ఒకసారి ఒకటి రెండు డెకాల్స్ మాత్రమే నీళ్లలో వేయాలి. పది నుంచి ఇరవై సెకన్లు ముంచి, బయటికి తీసి టిష్యూ మీద పెట్టి ఆగాలి. నీళ్లలోనే వదిలేస్తే జిగురంతా కొట్టుకుపోతుంది. నిమిషం లోపు వేలితో మెల్లగా నెడితే బొమ్మ కాగితం మీద కదలాలి. కదలకపోతే మళ్లీ తడపాలి కానీ బలంగా నెట్టకూడదు.

ఈలోగా నమూనా మీద చిహ్నం పడే చోట కుంచెతో నీళ్లు కానీ మైక్రో సెట్ కానీ రాయాలి. కాగితాన్ని ట్వీజర్‌తో ఆ చోటికి ఆనించి, బొమ్మను కుంచె మొనతో కాగితం మీది నుంచి నమూనా మీదికి జార్చాలి. బొమ్మను వట్టి చేత్తో ఎత్తి తీసుకెళ్తే అది మడత పడి తనకు తానే అతుక్కుంటుంది. అలా జరిగితే మళ్లీ నీళ్లలో వేసి, కుంచెతో ఓపిగ్గా విప్పుకోవచ్చు.

జార్చిన తర్వాత కింద ఉన్న తడి వల్ల కొద్దిసేపు సర్దుకునే వీలుంటుంది. రేకుల అతుకులను చూపే ప్యానెల్ గీతలను ఆధారంగా పెట్టుకుని, పై నుంచి, పక్క నుంచి, ముక్కు వైపు నుంచి చూసి సరిచేయాలి. అక్షరాల వరుసకు ముందుగా సన్నని మాస్కింగ్ టేపు అతికించి దాని అంచును గీతగా వాడుకోవడం మంచిది. స్థానం కుదిరాక తడిపి పిండిన ఇయర్ బడ్‌తో మధ్య నుంచి అంచుల వైపు అద్దాలి. రుద్దకూడదు, దొర్లించాలి. అంచుల నుంచి నీటితో పాటు గాలి బుడగలు బయటికొస్తాయి. స్పిట్‌ఫైర్ రెక్క మీది చిహ్నం కదిలే భాగం మీదికి వచ్చే చోట, ఆరాక బ్లేడుతో ఆ గీత వెంట కోసి అంచులను లోపలికి కూర్చోబెడితే నిజంగా రంగు వేసినట్టు కనిపిస్తుంది.

వరుస క్రమం విషయంలో ముందు పెద్ద చిహ్నాలు, తర్వాత అక్షరాలు, చివరగా హెచ్చరికల వంటి చిన్న స్టెన్సిల్ రాతలు వేయడం సాధారణ పద్ధతి. ఒక పక్క వేసి ఆరనిచ్చి, రెండో పక్కకు వెళ్లాలి. అలా చేస్తే చెయ్యి తగిలి అంటించినవి కదిలిపోవు.

మెత్తబరిచే ద్రావణాలు

ద్రావణాలు రెండు రకాలు. మొదటి రకం కింద రాసేది. మైక్రో సెట్ నీలి లేబుల్ సీసా ఈ కోవలోనిది. ఇందులో ఎసిటిక్ ఆమ్లం ఉండడంతో వెనిగర్ వాసన వస్తుంది. ఉపరితలాన్ని సమంగా తడిపి, పట్టును పెంచుతుంది. ఇది దొరకని చోట తెల్ల వెనిగర్‌ను నీళ్లలో కలిపి వాడేవారూ ఉన్నారు.

రెండో రకం పైన రాసేది. మైక్రో సోల్ ఎర్ర లేబుల్ సీసా, మిస్టర్ మార్క్ సాఫ్టర్ ఈ కోవలోవి. ఇవి లాకర్ పొరను కరిగీ కరగనట్టు మెత్తబరుస్తాయి. రాసిన కొద్దిసేపటికి డెకాల్ పాల మీది మీగడలా ముడతలు పడుతుంది. కొత్తవారు భయపడి సరిచేయబోయేది ఇక్కడే. అప్పుడు తాకితే చినుగుతుంది. వదిలేస్తే ఆరుతూ బిగుసుకుని ప్యానెల్ గీతల్లోకి, రివెట్ల మీదికి దిగిపోతుంది. ఒకసారికి దిగకపోతే పూర్తిగా ఆరాక మళ్లీ రాయాలి. అన్ని సంస్థల డెకాల్స్ అన్ని ద్రావణాలకూ ఓర్చుకోవు. షీటు మీద వాడకుండా మిగిలే గుర్తు మీద ముందుగా పరీక్షించడం తప్పనిసరి. ద్రావణాల ఘాటు పీల్చకుండా కిటికీలు తీసి పనిచేయాలి.

లోపాలు, సవరణలు

సిల్వరింగ్ కనిపిస్తే సన్నని సూదితో తెల్లబారిన చోట నాలుగైదు చోట్ల గుచ్చి, మైక్రో సోల్ రాయాలి. ద్రావణం కన్నాల గుండా లోపలికి వెళ్లి గాలిని వెళ్లగొడుతుంది. జిగురు పోయి అంచు లేస్తుంటే, ఫెవికాల్ వంటి తెల్ల జిగురును నీళ్లలో బాగా పలుచన చేసి కుంచెతో కిందికి పంపి అద్దవచ్చు. చినిగిన చోట రంగును సన్నని కుంచెతో సరిదిద్దాలి. డెకాల్ చుట్టూ ఆరిన జిగురు గోధుమ మరకగా మిగులుతుంది. దాన్ని తడి ఇయర్ బడ్‌తో తుడవకపోతే పై పూత కింద శాశ్వతంగా ఉండిపోతుంది.

అన్నీ ఆరాక మళ్లీ ఒక మెరిసే క్లియర్ కోట్ వేస్తే డెకాల్స్‌కు రక్షణ, అంచులకు మరుగు రెండూ దొరుకుతాయి. ప్యానెల్ గీతల్లో ముదురు రంగు నింపే పని ఈ పూత మీదే చేయాలి. చివరగా అసలు విమానం స్వభావాన్ని బట్టి మ్యాట్ పూత వేయాలి. సూర్యకిరణ్ విమానానికి మెరుపు ఉండనివ్వాలి. బర్మా స్పిట్‌ఫైర్‌కు మ్యాట్ తప్పనిసరి.

దక్కన్ నీళ్లు, ఎండ

డెకాల్ పుస్తకాల్లో రాసిన సమయాలు ఎక్కువగా చల్లని దేశాలవి. రాయచూరు ప్రాంతంలో వేసవి 40 డిగ్రీలు దాటుతుంది. ఫ్యాను కింద నీళ్లు, ద్రావణం నిమిషాల్లో ఆరిపోతాయి. బొమ్మను సర్దుకునే వ్యవధి తగ్గి, మైక్రో సోల్ పని పూర్తి కాకముందే ఆవిరవుతుంది. తెల్లవారుజామునో, రాత్రి పూటో, ఫ్యాను ఆపి పనిచేయడం ఉత్తమం. నమూనా మీద మరికొంచెం ఎక్కువ నీరు పెట్టుకోవాలి. క్లియర్ కోట్‌ను ఎండ వేళ చల్లితే బిందువులు గాలిలోనే ఆరి రెక్క మీద గరుకుగా పడతాయి. ఆ గరుకుతనమే తర్వాత సిల్వరింగ్ తెస్తుంది. వర్షాకాలంలో సమస్య తిరగబడుతుంది. గాలిలో తేమ ఎక్కువైనప్పుడు చల్లిన లాకర్ పాలలా తెల్లబారుతుంది.

ఈ ప్రాంతపు బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. ఆ నీళ్లు ఆరితే డెకాల్ కింద, చుట్టూ తెల్లని మచ్చలు మిగులుతాయి. వాటిని సిల్వరింగ్ అనుకుని సూదితో గుచ్చితే ఫలితం ఉండదు. ఆటోమొబైల్ షాపుల్లో అమ్మే బ్యాటరీ నీళ్లు, అంటే డిస్టిల్డ్ వాటర్ వాడితే ఈ బాధ ఉండదు. లీటరు సీసా చాలా నమూనాలకు వస్తుంది.

షీట్ల భద్రత, సొంత ముద్రణ

మన దేశంలో కిట్ల ధర కూడా డెకాల్‌ను జాగ్రత్త చేయమంటుంది. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. స్కేల్ మోడల్ కిట్లు ఆ పద్దు కిందికే వస్తాయి. అందువల్ల షీట్లను జిప్ కవర్లో సిలికా జెల్ పొట్లంతో పెట్టి, ఎండ తగలని చోట పరచి ఉంచాలి. మడిస్తే లాకర్ పగులుతుంది.

పాత షీటు పసుపు పచ్చగా మారితే దాన్ని కవర్లో పెట్టి కిటికీ అద్దానికి లోపలి వైపు అంటిస్తే ఎండ ఆ పసుపును కొంత తగ్గిస్తుంది. నీళ్లలో వేయగానే ముక్కలయ్యే పాత షీట్లకు ముందుగా మైక్రోస్కేల్ లిక్విడ్ డెకాల్ ఫిల్మ్ కానీ, పలుచని క్లియర్ లాకర్ కానీ పూస్తే కొత్త పొర ఏర్పడుతుంది. అప్పుడు ఒక్కో గుర్తునూ విడిగా, దగ్గరగా కత్తిరించాల్సి ఉంటుంది.

మార్కెట్లో దొరకని గుర్తులను డెకాల్ కాగితం మీద ఇంట్లోనే ముద్రించుకోవచ్చు. ఇంక్‌జెట్ సిరా నీళ్లలో కరుగుతుంది కనుక ముద్రించాక క్లియర్ లాకర్ చల్లాలి. మామూలు ప్రింటర్లు తెలుపును ముద్రించలేవు. ముదురు రంగు మీద కాషాయం నిలవాలంటే తెల్ల డెకాల్ కాగితం వాడాలి, లేదా చిహ్నం పడే చోట ముందుగా తెల్ల రంగు వేయాలి. కానుక రాత వంటి నల్ల అక్షరాలకు పారదర్శక కాగితం సరిపోతుంది.

ఆధారాలు చూసుకోవడం

కిట్ పెట్టెలోని సూచన పత్రం మంచి ఆరంభమే కానీ, అది తుది ప్రమాణం కాదు. ఒకే విమానానికి సర్వీసులో రంగులు మారతాయి, నంబర్ల స్థానం మారుతుంది, మరమ్మతు తర్వాత కొన్ని గుర్తులు మళ్లీ వేయరు. మ్యూజియంలో నిలిపిన విమానాలకు తర్వాత వేసిన రంగులు అసలువాటికి భిన్నంగా ఉండవచ్చు. అయినా స్టెన్సిల్ రాతలు, ప్యానెల్ గీతలు, అక్షరాల నిష్పత్తి తెలుసుకోవడానికి అసలు విమానాన్ని చూడడానికి మించిన చదువు లేదు. తెలుగువారికి విశాఖపట్నం రామకృష్ణా బీచ్‌లోని టీయూ-142 విమాన మ్యూజియం 2017 డిసెంబరు నుంచి అందుబాటులో ఉంది. బెంగళూరులోని హెచ్‌ఏఎల్ హెరిటేజ్ సెంటర్‌లో హెచ్‌ఎఫ్-24 మారుత్ వంటి స్వదేశీ విమానాలు ఉన్నాయి. మారుత్ మొదటిసారి ఎగిరింది 1961 జూన్ 17న.

మోడలర్లు ఇలాంటి చోటికి వెళ్లినప్పుడు విమానం మొత్తాన్ని ఒక ఫోటో తీసి సరిపెట్టుకోకుండా, సీరియల్ నంబరును, తోక పట్టీని రెండు పక్కలా, చిహ్నం అంచును, తలుపుల మీది చిన్న రాతలను ఎదురుగా నిలబడి విడివిడిగా తీసుకోవాలి. తేదీ రాసి దాచుకోవాలి. ఆ విమానానికి మళ్లీ రంగు వేస్తే ఆ రాతలు ఉండకపోవచ్చు. డెకాల్‌ను నీళ్లలో వేసే ముందు ఆ విమానం, ఆ ఏడాది ఫోటో ఒక్కటైనా ఎదురుగా పెట్టుకోవడం ప్రతి మోడలర్ పాటించాల్సిన నియమం.